పరిశీలన నిమిత్తం చదివిన నవల

మస్కట్ తెలుగు సహవాసంలో నవలలు చదవడం పాపం. టీవీ పాపం. సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళు ఒంటిమీద బంగారం వేసుకోవడం, ఆరాధనకి రంగు చీర కట్టుకుని రావడం, సంఘంలో నోరు విప్పి మాట్లాడడం కూడా పాపాలే. వాట్సాప్ మాత్రం ఆ జాబితాలో లేదు. డ్యూటీ మెసేజ్‌లన్నీ అందులోనే వస్తాయి కనక పెద్దలు ప్రార్థన చేసి మరీ దాన్ని మినహాయించారు. సాతాను ఆ సందులోంచే దూరాడని 2015 నవంబరులో ఆ పెద్దల్లో ఒకరైన ఆండ్రూగారు కనిపెట్టారు.

దూరిన సాతాను మస్కట్ శివారు సీబ్‌లో, మూడంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తులో కాపురం ఉంటోంది. పేరు సారా. వయసు యాభై ఒకటి. పాలకొల్లు దగ్గరి మనిషి, ఒక పెద్ద ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా స్టాఫ్ నర్సు. సహవాసానికి ఉన్న ఇద్దరు పెద్దల్లో రెండోవారైన ఏలియాగారికి ధర్మపత్ని. ఏలియాగారు వారంలో ఆరు రోజులు ఒక ఏసీల కంపెనీలో స్టోర్ ఇన్‌ఛార్జి. శుక్రవారం మాత్రం దేవుడి తరఫున ఇన్‌ఛార్జి.

సారా చేసిన పని ఇది. జులైలో ఒకరోజు డయాలిసిస్ వార్డులో ఎవరో పేషెంటు వదిలేసి వెళ్ళిన ఇంగ్లీషు పత్రిక తిరగేసింది. అందులో అమెరికాలోని అమిష్ అనే క్రైస్తవుల గురించి ఒక వ్యాసం ఉంది. వాళ్ళు కరెంటు వాడరట. కారు కొనరట, గుర్రబ్బళ్ళలో తిరుగుతారట. ఆడవాళ్ళు తలమీద తెల్ల టోపీ పెట్టుకుంటారు, నగలు ముట్టుకోరు. ఆరాధనలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఎవరినైనా వెలివేస్తే సొంత ఇంటివాళ్ళు కూడా ఆ మనిషితో కలిసి అన్నం తినరు. మొత్తం నాలుగు పేజీలు, ఆరు ఫోటోలు. సారా రెండుసార్లు చదివి, వీళ్ళు మనవాళ్ళే, కాస్త తెల్లగా ఉన్నారంతే అనుకుంది.

ఆ మధ్యాహ్నమే మందుల కంపెనీవాళ్ళు పంచిన నోట్ ప్యాడ్ తీసి, క్యాంటీన్లో కూర్చుని మొదటి వాక్యం రాసింది. 'రెబెకా మూసి ఉన్న తలుపు ముందు, మంచులో చచ్చిపడి ఉంది.' రాశాక ఆమెకే భయమేసింది. మంచు ఆమె జన్మలో చూడలేదు. శవాలు మాత్రం బోలెడు చూసింది.

ఎదురు ఫ్లాట్ శేషుకుమారికి చూపించి, ఇది బాగుందో లేదో చెప్పమంది. శేషుకుమారి రాజమండ్రి నుంచి వచ్చినావిడ. భర్త వీరభద్రరావు ఇంజనీరు, ఎప్పుడూ సైట్‌లోనే ఉంటాడు. కనక ఆవిడకి చదవడానికి బోలెడు తీరిక. మూడు పేజీలు చదివి లాప్‌టాప్ తీసింది. తెలుగు టైపు చేసి, ఏదో వెబ్ పత్రికకి పంపించింది. కలం పేరు కావాలన్నారు కాబట్టి తన కూతురి పేరు అక్షర అని పెట్టేసింది. నవల పేరు 'మంచు మీద తెల్ల టోపీ'. ప్రతి బుధవారం ఒక భాగం.

"రెండు భాగాలకీ కలిపి ఒక్క హత్యేంటి వదినా? జనం ఫోన్లో చదువుతున్నారు. వారానికొకడు పోకపోతే మనల్నే వదిలేసి పోతారు," అంది శేషుకుమారి.

సారా మాట వినే మనిషి. పుట్టినప్పటి నుంచి అదే పని చేస్తోంది. మూడో భాగంలో ఆ ఊరి సంఘపెద్ద ఒకాయన పాలతొట్టిలో పడి పోయాడు. ఐదో భాగంలో ఇంకొకాయన గుర్రబ్బండి చక్రం కింద పడ్డాడు. పన్నెండో భాగం వచ్చేసరికి పాపం అమిష్ వాళ్ళకి పెద్దరికం చేయడానికి మనిషి కరువయ్యాడు. శేషుకుమారి ఇంకేమీ మార్చలేదు గాని, అమిష్ ఆడవాళ్ళు మంచులో వడియాలు పెట్టే ఘట్టం మాత్రం కొట్టేసింది.

నాలుగు పేజీల వ్యాసం నాలుగు భాగాలకే అయిపోయింది. మిగతాదానికి సారా శుక్రవారాలు వాడుకుంది. అమిష్ పెద్ద ఒకాయన మోకరించే ముందు రుమాలు నాలుగు మడతలు పెట్టి మోకాలి కింద వేసుకుంటాడు. ఇంకొకాయన ప్రార్థన మొదలెట్టే ముందు మూడుసార్లు గొంతు సవరించుకుంటాడు. ఒక సహోదరి కళ్ళు మూసుకున్నట్టే ఉండి ఎవరెవరు ఆలస్యంగా వచ్చారో లెక్కేస్తుంది. తన ఊహాశక్తికి సారా తానే ముచ్చటపడింది. అది ఊహ కాదని ఆమెకి తట్టలేదు.

సహవాసానికి తట్టింది. ఎవరి ఫోన్లోంచి మొదలైందో తెలియదు గాని అక్టోబరు నాటికి అందరి ఫోన్లలోకీ చేరింది. ఒక శుక్రవారం ఆండ్రూగారు లేచి, ఒక చెడ్డ నవల తిరుగుతోందనీ, దాన్ని ఎవరూ చదవకూడదనీ, తామిద్దరూ మాత్రం పన్నెండు భాగాలూ పరిశీలన నిమిత్తం చదివామనీ ప్రకటించారు. అప్పటిదాకా ఆ నవల పేరు వినని నలుగురైదుగురు అమాయకులు ఇళ్ళకి వెళ్ళి చదివేశారు.

ఆ సాయంత్రం సారా వాళ్ళ హాల్లో పెద్దలిద్దరి సమావేశం జరిగింది. ఆండ్రూగారు ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలించే మనిషి. ఎవరు చచ్చినా ముందు అనుమానించడం ఆయన వృత్తి.

"అమిష్ అనే జనమే లేరు బ్రదర్. నేను ఆలోచించే చెప్తున్నాను. అమెరికాలో కరెంటు లేకపోవడమేంటండీ? అమెరికాలో గుర్రబ్బండేంటి? చిన్నపిల్లాడిక్కూడా తెలిసిపోద్ది అబద్ధమని. మనల్నే వేషం మార్చి రాశారు," అన్నాడు ఆండ్రూగారు.

"మరే. ఆ గొంతు సవరించుకునే పెద్దమనిషి ఎవరంటారు?" అన్నాడు ఏలియాగారు, మూడుసార్లు గొంతు సవరించుకుని.

"అది తెలీట్లేదు. రుమాలు మడత పెట్టేవాడెవరో కూడా అంతు చిక్కట్లేదు," అన్నాడు ఆండ్రూగారు.

టీ ఇస్తున్న సారా కప్పు ఒలికించకుండా ఉండడానికి చాలా కష్టపడింది. ఫోను తీసి చూసుకుంటే ఇద్దరికీ అమిష్ చరిత్ర మొత్తం దొరికేది. కానీ ఇద్దరూ వెతకలేదు. అనుమానం ఖాయమైపోయాక నిజం వెతకడం వాళ్ళ పద్ధతి కాదు.

"ఇలా రాసేంత పగ మన మీద ఎవరికుంటదండి? ఒక్క మనిషికే ఉంటది," అన్నాడు ఆండ్రూగారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

ఆ ఒక్క మనిషి జూలీ. ముప్పయి ఒక్కేళ్ళ నర్సు. ఒకప్పుడు సారా వార్డులోనే పనిచేసేది, హమ్రియాలో ఇంకో ముగ్గురు నర్సులతో కలిసి ఒక రూమ్‌లో ఉండేది. సారాని అక్కా అని పిలిచేది. మూడేళ్ళ క్రితం తోటి నర్సు పెళ్ళికి వెళ్తూ చెవులకి రెండు చిన్న బంగారు దుద్దులు పెట్టుకుంది. ఆ ఫోటో ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టారు. పెద్దలు పిలిచి, సంఘం ముందు క్షమాపణ చెప్పమన్నారు.

"పెట్టుకుంది నా చెవులకండి, మీ చెవులక్కాదు కదా," అంది జూలీ.

దుద్దుల్ని క్షమించే ఉద్దేశం పెద్దలకి ఉండేదేమో. ఆ మాటను మాత్రం క్షమించలేకపోయారు. బల్లకి దూరం పెట్టారు. అంటే ఆరాధనకి వస్తే వెనక వరసలో విడిగా కూర్చోవాలి, రొట్టె, రసం ముట్టుకోకూడదు. సహవాసంలో ఎవరూ ఆమెతో కలిసి తినకూడదు, ఇంటికి రానివ్వకూడదు. జూలీ కొన్నాళ్ళు వచ్చి, తరవాత నిజ్వాలో ఒక క్లినిక్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళిపోవడానికి ముందు ఇంకొకటి జరిగింది. దాని గురించి సారా ఎవరితోనూ అనలేదు.

2013 జూన్, మధ్యాహ్నం మూడు గంటలు. ఏలియాగారు డ్యూటీలో ఉన్నాడు. సారాకి సెలవు. పొయ్యిమీద వంజరం చేపల పులుసు ఉడుకుతోంది. బెల్ మోగింది. గరిటె చేత్తోనే వెళ్ళి తలుపుకున్న అద్దపు కంతలోంచి చూసింది. జూలీ. ఎండకి మొహం ఎర్రబడి, చున్నీ భుజం మీంచి జారిపోయి ఉంది. రెండోసారి కొట్టింది. మూడోసారి కొట్టి, అరచెయ్యి తలుపుకి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. సారా ఊపిరి కూడా పీల్చలేదు. తరవాత మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోయింది.

జూలీ తండ్రి ఆ పొద్దున్నే పోయాడని సారాకి మర్నాడు వార్డులో తెలిసింది. టికెట్ దొరికేదాకా ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆ పిల్ల టాక్సీ ఎక్కి సీబ్ వచ్చిందట. ఎవరైనా చూస్తారని భయపడ్డానని చెప్పుకోవడానికి కూడా సారాకి వీల్లేదు. చూసేవాళ్ళెవరూ లేరు. భర్త వద్దనలేదు, ఇంట్లోనే లేడు. తీయకూడదన్నారు, తీయలేదు. అంత బుద్ధిమంతురాలు. ఆ బుద్ధి తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు జూలీ మళ్ళీ వచ్చింది. సెప్టెంబరు నుంచి ప్రతి శుక్రవారం తెల్లారకముందే నిజ్వాలో బస్సెక్కి, ఎనిమిదింటి ఆరాధనకి వచ్చి వెనక వరసలో కూర్చుంటోంది. పెద్దల ముందు తలవంచి, దుద్దుల విషయంలో తప్పయిందని చెప్పింది. తప్పయిందని ఆమె అనుకుంటోందని కాదు. డిసెంబరు ఇరవై ఎనిమిదిన నరసాపురంలో ఆమె పెళ్ళి. వరుడు ప్రీతమ్, నిజ్వాలోనే ఎక్స్‌రే టెక్నీషియన్. అతనికి ఆ పిల్లంటే ప్రాణం. అయితే నరసాపురం సంఘంవాళ్ళు పెళ్ళి జరిపించాలంటే మస్కట్ సహవాసం నుంచి సిఫారసు పత్రిక తేవాలి. ఫలానా సహోదరి మా బల్లలో ఉంది, ప్రేమతో చేర్చుకోండి అని పెద్దలు సంతకం పెట్టిచ్చే ఉత్తరం అది. ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి వెళ్ళే ప్రతివాళ్ళ చేతిలోనూ అది ఉండాలి. ఒమన్ వీసా లేకపోయినా ఎవరినైనా బతిమాలుకోవచ్చు గాని, ఆ పత్రిక లేకపోతే నరసాపురంలో పని జరగదు.

పెద్దలు సంతకం పెట్టబోతున్నారు. అప్పుడే నవల బయటపడింది. రెబెకా అని పేరు పెట్టుకుని తన కథే రాసుకుందనీ, వెలివేసిన పెద్దల్ని వారానికొకరి చొప్పున చంపుకొస్తోందనీ ఆండ్రూగారు తీర్పు చెప్పాడు. సమావేశం అయిన రాత్రే జూలీకి ఫోన్ చేసి, రాశానని ఒప్పుకుంటేనే సంతకం అన్నాడు. జూలీ రాయలేదంది. రాయలేదంటే ఇంకా ఎక్కువ పాపమట. డిసెంబరు పన్నెండుకి టికెట్ ఉంది, సెలవు ఉంది, పెళ్ళికొడుకు ఉన్నాడు, పెళ్ళిచీర కూడా కొన్నారు. కాగితం ఒక్కటి లేదు.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర సారా చెప్పేసింది.

"ఏవండీ. ఆ నవల నేను రాశాను."

ఏలియాగారు ఇడ్లీ నములుతూ ఆమెని ఎగాదిగా చూసి నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగానే నవ్వాడు. అదే సారాకి ఒళ్ళు మండించింది.

"నువ్వా? లాండ్రీ చీటీలో చొక్కాలు నాలుగని రాసి ఐదు పంపుతావు."

"నేనే రాశానండి. క్యాంటీన్లో రాశాను. శేషుకుమారి టైపు చేసింది."

"జూలీ మీద జాలి. నాకు తెలుసులే. మంచి మనసే గాని, అబద్ధం ఆడకూడదు. మనసులో ఒప్పేసుకో, దేవుడు క్షమిస్తాడు."

"అబద్ధం కాదండి."

"సరే, అయితే చెప్పు చూద్దాం. రెబెకాని చంపిందెవరు?"

ఈ ప్రశ్న అడగడానికి ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్న తీరు చూస్తే, పరిశీలన ఎంత శ్రద్ధగా సాగిందో తెలుస్తుంది. సారాకి తెలియదు. పదమూడు భాగాలు రాసింది గాని, హంతకుడెవరో తేల్చుకోలేదు. ఆఖరి భాగం ఇవ్వమని శేషుకుమారి రెండు వారాలుగా ప్రాణం తీస్తోంది.

"ఇంకా తెలీదండి," అంది.

"రాసినావిడకి తెలీకుండా ఎలా ఉంటది సారా," అని ఏలియాగారు ఆమె తలమీద చెయ్యేసి, లంచ్ బాక్సు పట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏలియాగారి దస్తూరీ ఆయనకే అర్థం కాదు. అందుకని తొమ్మిదేళ్ళుగా సహవాసం పంపే ప్రతి సిఫారసు పత్రికా, ప్రతి ప్రకటనా, ప్రతి సంతాప తీర్మానమూ సారాయే అచ్చులాంటి అక్షరాలతో రాస్తుంది. వాక్యాలు కూడా ఆమెవే. ఆయన గురువారం సాయంత్రం ఆ కాగితాలు నీలం ఫోల్డర్లో పెట్టుకుని, శుక్రవారం లేచి నిలబడి గంభీరంగా చదువుతాడు. ముందుగా ఎప్పుడూ చూసుకోడు. విశాఖపట్నం నుంచి దోహా దాకా ఎన్నో సంఘాలు ఏలియాగారి భాషని మెచ్చుకున్నాయి. తన భార్యకి రాయడం వస్తుందని మాత్రం ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆ ప్రశ్న సారాని వారం రోజులు వదల్లేదు. రెబెకాని చంపిందెవరు? ఇంజక్షన్ ఇస్తూ ఆలోచించింది. నేషనల్ డేకి రోడ్ల పక్కన కట్టిన దీపాల మధ్య ఆసుపత్రి బస్సులో వస్తూ ఆలోచించింది. పాలేరుని చేద్దామా, డాక్టరుని చేద్దామా అని శేషుకుమారిని అడిగింది.

"ఎవర్నైనా చేయండి వదినా, కానీ చదివేవాడికి ఛ, ఇది నా కళ్ళముందే ఉందే అనిపించాలి," అంది శేషుకుమారి.

గురువారం మధ్యాహ్నం సారా వంజరం ముక్కలు కడుగుతోంది. ఎవరో బెల్ కొట్టారు. మంచినీళ్ళ బాటిల్ వేసే ఫక్రుద్దీన్. తలుపు తీసి, ఖాళీ బాటిల్ ఇచ్చి, నిండుది తీసుకుని తలుపేసింది. వేసిన తలుపు ముందు అలాగే నిలబడిపోయింది. మొదటి వాక్యం రాసిన రోజునుంచీ ఆమెకి తెలుసు. రెబెకా మంచులో పడింది మూసి ఉన్న తలుపు ముందు. తలుపుని మంచు మూయదు కదా. చేతులు కడుక్కోకుండానే ప్యాడ్ తీసుకుంది. ఏడుస్తూ రాసింది. పావుగంటలో అయిపోయింది.

అప్పుడు ఇంకో తెల్ల కాగితం తీసుకుని, తొమ్మిదేళ్ళుగా రాస్తున్న దస్తూరీతో సహవాసానికి ఒక పత్రిక రాసింది. ఆడవాళ్ళు సంఘంలో మాట్లాడకూడదు, నిజమే. ఏలియాగారు మాట్లాడొచ్చు. రెండు కాగితాలూ నీలం ఫోల్డర్లో అన్నిటికన్నా పైన పెట్టింది.

చర్చి ఆవరణలో శుక్రవారం ఎనిమిది నుంచి పది దాకా హాలు తెలుగువాళ్ళది. పదింటి నుంచి మలయాళీలది. మలయాళీలు తొమ్మిదీ యాభైకే తలుపు దగ్గర గిటార్లతో సహా నిలబడతారు. అందుకని తెలుగు సహవాసంలో పరిశుద్ధాత్మ కూడా గడియారం చూసుకునే దిగాలి.

ఆ శుక్రవారం పాటలయ్యాయి, వాక్యం అయింది. వెనక వరసలో, గోడవార కుర్చీలో జూలీ ఒక్కతే తెల్ల చీరలో కూర్చుని ఉంది. ఆమెకి రెండు పక్కలా రెండేసి కుర్చీలు ఖాళీ. తొమ్మిదీ ముప్పావుకి ఏలియాగారు లేచి, మూడుసార్లు గొంతు సవరించుకుని, ఫోల్డర్ తెరిచాడు. ఉత్తరాలు చదివేటప్పుడు ఆయన నోరు ముందు నడుస్తుంది, బుర్ర ఒక వాక్యం వెనక వస్తుంది.

"ప్రభువునందు ప్రియులైన వారికి వందనములు. సహోదరి జూలీ నిజ్వా నుండి వచ్చి మూడు మాసములుగా వెనుక వరుసలో కూర్చుండుచున్నది. అమిష్ నవలను ఆమె వ్రాయలేదు. దానిని వ్రాసినది సహోదరుడు ఏలియా భార్య సారా. ఇందుకు ఋజువుగా ఇంకను అచ్చుకాని ఆఖరి భాగము జతపరచడమైనది. రెబెకాను చంపినది ఎవరనగా..."

అప్పటికి బుర్ర వచ్చి నోటిని అందుకుంది. ఆయన ఆగిపోయాడు.

నవల అంటే ఏమిటో తెలియనట్టు ఇన్నాళ్ళూ నటించిన నలభై ముగ్గురు సహోదరులు, సహోదరీలు ఒక్కసారిగా ముందుకి వంగారు. ఎప్పుడూ కళ్ళు మూసుకుని ఉండే సహోదరి కూడా కళ్ళు తెరిచింది. ఏలియాగారు కాగితం మడవబోయాడు.

"చదవండి బ్రదర్," అన్నాడు ఆండ్రూగారు. అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన సర్దుకుని, "పరిశీలన నిమిత్తం," అన్నాడు.

ఏలియాగారు రెండో కాగితం తీశాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"పాలతొట్టిలో పడినవాడు కాలు జారి పడెను. బండి క్రింద పడినవాడు త్రాగి యుండెను. తక్కిన పెద్దలు ఒకరినొకరు అనుమానించుకొనుచు, భయపడి పరుగెత్తి, గోతులలో పడిరి. వారిని ఎవరును చంపలేదు. ఆ ఊరిలో హత్య ఒక్కటే జరిగెను. రెబెకా తండ్రి చనిపోయిన దినమున ఆమె సంఘపెద్ద ఇంటికి వచ్చి తలుపు తట్టెను. ఆయన ఇంట లేడు. ఆయన భార్య ఉండెను. ఆమె చేత గరిటె ఉండెను. ఆమె తలుపు కంతలోనుండి చూచెను. రెబెకా మూడుసార్లు తట్టెను. లోపల ఉన్న ఆమె తీయలేదు. ఎవరును ఆమెను ఆపలేదు. చంపినది ఆమెయే."

చివరి వాక్యాలకి ఆయన గొంతు చాలా తగ్గిపోయింది. కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఆ గుండ్రటి అక్షరాలని, తొమ్మిదేళ్ళుగా వారం వారం చూస్తున్న అక్షరాలని, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తరవాత ఆడవాళ్ళ వైపు తలెత్తాడు. సారా కొంగు తలమీంచి జారకుండా పట్టుకుని, ఆయన కళ్ళలోకే చూస్తోంది.

ఉత్తరం చదవడం అయిపోతే ఆమేన్ అనడం సహవాసానికి అలవాటు. ఎవరూ ఆలోచించలేదు. "ఆమేన్," అన్నారు నలభై ముగ్గురూ.

చదివి ఆమేన్ అన్న పత్రికను వెనక్కి తీసుకున్న సందర్భం సహవాసం చరిత్రలో లేదు. ఆండ్రూగారికి ఆ సంగతి అందరికన్నా ముందు తట్టింది. ఒక విచారణ పెట్టాలనీ, వెంటనే కనీసం మూడు గంటలు మాట్లాడాలనీ ఆయనకి నిలువెల్లా కోరికగా ఉంది. కానీ తలుపు అద్దంలోంచి గిటార్లు కనబడుతున్నాయి. రొట్టె, రసం పంచే బల్ల ఇంకా కాలేదు. ఆయన పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఏలియాగారి ఫోల్డర్లో సంతకం కోసం ఎదురుచూస్తున్న జూలీ పత్రిక లాగి, సంతకం గీకి, ఏలియాగారి చేతిలో పెట్టాడు. ఏలియాగారు కూడా పెట్టాడు. మస్కట్‌లో ఆ రోజు న్యాయం మలయాళీల పుణ్యమా అని సమయానికి జరిగిపోయింది.

రొట్టె పళ్ళెం లేచింది. సారా కూడా లేచింది. ఎవరూ వెళ్ళమనలేదు. అనేదాకా ఆగాలని ఆమెకి అనిపించలేదు. రెండో వరసలో పెద్దగారి భార్యగా తొమ్మిదేళ్ళు కూర్చున్న కుర్చీ వదిలేసి, మధ్యదారిన నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి, గోడవార, జూలీ పక్క ఖాళీ కుర్చీలో కూర్చుంది. జూలీ ఆమెవైపు తిరగలేదు.

పళ్ళెం వరస వరసా వచ్చింది. ఆఖరి వరస దాకా వచ్చి, పట్టుకున్న సహోదరుడు ఏం చేయాలో తెలియక ఒక క్షణం నిలబడ్డాడు. జూలీ పత్రిక మీద సంతకాలైతే పడ్డాయి గాని, పళ్ళేనికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అతను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"తీస్తే బాగుండేది జూలీ," అంది సారా చాలా నెమ్మదిగా. అంతకన్నా మంచి మాట రాయడం వచ్చిన మనిషికి కూడా దొరకలేదు. "ఇంట్లో ఎవరూ లేరనుకున్నావు కదూ."

జూలీ ఒళ్ళో ఉన్న చేతుల వంక చూసుకుంది. చెవులకి ఏమీ లేవు, పాత రంధ్రాలు పూడుకుపోయి రెండు చుక్కలు మిగిలాయి.

"ఆ రోజు ఏం వండారక్కా?"

"చేపల పులుసు."

"వంజరమే కదా," అంది జూలీ. "మెట్ల దాకా వాసన వచ్చింది."